ఆ పిల్ల దొరికిందా?

జూలై 6, 2025, ఆదివారం, గద్వాల

పౌలా హాకిన్స్ 'ది గర్ల్ ఆన్ ద ట్రైన్' మొదలుపెట్టాను. 2015లో వచ్చిన నవల. రేచల్ రోజూ పొద్దున 8.04 బండికి లండన్ పోతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా పట్టాల పక్కింట్లో ఒక జంటను చూస్తుంది. వాళ్లెవరో తెలియదు, పేర్లు తనే పెట్టుకుంది. ఒకరోజు ఆ ఇంటి ఇల్లాలు మేగన్ కనబడకుండా పోతుంది. ఆ రాత్రి రేచల్ అదే వీధిలో ఉంది. తాగి ఉంది. ఏం చూసిందో గుర్తులేదు. లైటు ఆర్పబుద్ధి కాలేదు.

జూలై 7, సోమవారం, వనపర్తి

గద్వాలలో నేనెక్కిన బండి కృష్ణ దాటి వనపర్తి రోడ్డు స్టేషన్ చేరేదాకా తలెత్తలేదు. అధ్యాయాలన్నీ డైరీలాగే తేదీలతో, 'ఉదయం', 'సాయంత్రం' అంటూ సాగుతాయి. చెప్పేది ముగ్గురు ఆడవాళ్లు: రేచల్, మేగన్, అనా. మేగన్ పుటలు ఏడాది వెనక నుంచి వస్తాయి. తన విసుగు, ఆశ, భయం తానే చెప్పుకుంటూ ఆమె ఆ రాత్రి వైపు నడుస్తుంటే గుండె పట్టుకుని చదవాల్సిందే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ పోయిన మనిషి గొంతు ఇంత దగ్గరగా విన్నది ఈ నవలలోనే.

జూలై 12, శనివారం, నాగర్‌కర్నూల్

అక్క పేపర్లో జిల్లా పేజీ తీసింది. 'యువతి అదృశ్యం.' వయసు, ఎత్తు, వేసుకున్న బట్టల రంగు, ఆచూకీ తెలిస్తే చెప్పమని నాలుగు వాక్యాలు. పక్కింటి పెద్దమ్మ వినీ వినకముందే తేల్చేసింది: "ఎవనితోనో పోయుంటదిలే బిడ్డా."

"పోయిందో, ఎత్తుకపోయిన్రో, వెతికితే గదా పెద్దమ్మా తెలిసేది" అన్నాను.

పెద్దమ్మ అన్నలాంటి మాటకు జడిసే కన్నవాళ్లు స్టేషన్‌కు పోవడానికి వెనకాడతారు. పిల్లలు తప్పిపోతే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే, అది తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఈ జీరో ఎఫ్ఐఆర్ ఉంది. చట్టం అంత దూరం వచ్చింది. ఊరి నోరే ఇంకా రావాలి.

జూలై 13, ఆదివారం, నాగర్‌కర్నూల్

నవల అయిపోయింది. చాయ్ ఇస్తూ అక్క అడిగింది: "ఏమే, ఆ పిల్ల దొరికిందా?" రాత్రి సగం కథ చెప్పాను కదా, మిగతాది చెప్పాను.

తాగుబోతని రేచల్ మాటను పోలీసులు నమ్మరు. ఆమె గుర్తుల్లో కొన్ని ఇంకొకరు చెప్పి చెప్పి నాటినవి, అందుకే తనమీద తనకే నమ్మకం లేదు. అయినా, ఎన్నడూ పలకరించని ఒక ఆడమనిషి కోసం ఆరా తీయడం మానదు. సస్పెన్స్ నవలలను ఉత్త కాలక్షేపమంటే నేనొప్పుకోను. పోయిన మనిషి గురించి ఆఖరి పుటదాకా అడుగుతూనే ఉండాలని నేర్పేవి అవే. జిల్లా పేజీలోని ఆ నాలుగు వాక్యాలనూ అంత పట్టుదలతో చదవాలి. ఎవరితో పోయిందన్న ప్రశ్న తర్వాత. ఎక్కడుంది, ఎలా ఉంది అన్నది ముందు అడగాలి.