ఫుల్ ట్యాంక్ వద్దు, మూడు లీటర్లు చాలు

మీరు గమనించారో లేదో, మనలో చాలామందిమి బండి నడుపుతాం గానీ పెట్రోలు మాత్రం ఇంట్లో మగవాళ్ళే కొట్టించుకొస్తారు. ఆదివారం పొద్దున్నే ఆయన పాలకో, పేపరుకో వెళ్తూ మన బండి తీసుకెళ్ళి నింపుకొచ్చేస్తారు. సోమవారం మనం తాళం తిప్పి వెళ్ళిపోతాం. బంకులో ఏం జరుగుతుందో, సీటు కింద మూత ఎలా ఉంటుందో చూడని వాళ్ళు కూడా ఉన్నారు.

మా ఆడపడుచు అలా కాదు. తన బండికి తనే కొట్టించుకోవాలన్నది ఆవిడ పట్టుదల. మామూలు బండి అయితే ఇందులో చెప్పుకోవడానికి ఏముందండీ? ఆవిడది సైడ్ వీల్స్ ఉన్న స్కూటరు. లెక్కపెడితే నాలుగు చక్రాలు కనబడతాయి, అయినా అందరూ మూడు చక్రాల బండి అనే అంటారు. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. తొడ దగ్గర్నుంచి పాదం దాకా క్యాలిపర్ వేసుకుంటుంది. చేతికర్ర ఒకటి బండి ముందు కొక్కేనికి కట్టుకుంటుంది. కొండాపూర్‌లో మా ఇంటి నుంచి మాదాపూర్‌లో ఆఫీసుకి రోజూ పోనూ రానూ 18 కిలోమీటర్లు.

మన పిల్లలకి పోలియో అంటే రెండు చుక్కలు వేయించే ఆదివారం మాత్రమే. దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో వచ్చింది. 2014 మార్చిలో మన దేశానికి పోలియో లేదని ప్రకటించారు. కానీ పల్స్ పోలియో మొదలైన 1995 కన్నా ముందు పుట్టినవాళ్ళు ఎంతమందో మన మధ్య ఆఫీసులకి వెళ్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు, బండ్లు నడుపుతున్నారు. సాయంత్రం కొత్తగూడ జంక్షన్ దగ్గర సిగ్నల్లో నిలబడి చూస్తే అలాంటి బండి ఒకటైనా కనబడుతుంది.

అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ క్రితం, ఎండాకాలం. ఆఫీసుకి వెళ్తూ దారిలో ఒక బంకులో ఆగింది. అప్పటి ఆవిడ పాత స్కూటరుకి పెట్రోలు మూత సీటు కింద ఉండేది. అంటే దిగాలి, కర్ర తీసుకోవాలి, సీటు ఎత్తాలి. వెనక డెలివరీ కుర్రాళ్ళ బండ్లు వరస కట్టి హారన్లు కొడుతున్నాయి. "మేడమ్, మీరు దిగకండి, కొంచెం ముందుకి జరగండి చాలు, సీటు సందులోంచి నేను కొడతా" అన్నాడట బంకు అబ్బాయి. పాపం మంచికే అన్నాడు. ఈవిడ ముందుకి జరిగి, సీటు కొద్దిగా ఎత్తి పట్టుకుంది. "ఫుల్" అంది. ఆ అబ్బాయి గన్ను తీసి, చిల్లర లేకుండా లెక్క సరిపెడదామని ఇంకో రెండు సార్లు నొక్కాడు. పెట్రోలు పొంగి ఎడమ పక్కకి జారింది.

మీకో నాకో అయితే చటుక్కున దూకేస్తాం. ఆవిడ దూకలేదు. బండి మీంచి దిగడానికే అర నిమిషం కావాలి. ఆలోగా పెట్రోలు చుడీదారులోంచి క్యాలిపర్ తోలు పట్టీల్లోకి ఇంకిపోయింది. గుడ్డతో తుడుచుకుని, ఆలస్యమవుతోందని అలాగే ఆఫీసుకి వెళ్ళి తొమ్మిది గంటలు కూర్చుంది. ఏసీలో అందరూ ఏదో వాసన అంటుంటే నోరెత్తలేదట.

సాయంత్రం ఆవిడ ఇంట్లో అడుగు పెట్టేసరికి నేను పొయ్యి మీద చారు మరిగిస్తున్నాను. మా అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టి అప్పుడే లేచారు. వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత. పొయ్యి కట్టేసి, "అక్కడే ఆగమ్మా" అని కేకేసి, బాల్కనీ వైపు నుంచి తీసుకెళ్ళాను. పట్టీలు విప్పితే తొడ మీద అరచేయంత మేర ఎర్రగా కందిపోయి నీటి పొక్కులు. పెట్రోలు గాలికి ఆరిపోతుంది గానీ, తోలు కింద ఆరే దారి లేక చర్మాన్ని తినేసిందన్నమాట. సబ్బునీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వారం రోజులు క్యాలిపర్ పెట్టుకోలేకపోయింది. క్యాలిపర్ లేకపోతే ఆవిడకి గుమ్మం దాటడం కూడా కష్టమే.

ఆ వారంలోనే ఇంట్లో తీర్మానం అయిపోయింది. "ఇక బండి వద్దు, క్యాబులో వెళ్ళు" అన్నారు మావారు. "మెట్రో ఉందిగా" అన్నారు మా అత్తగారు. మెట్రోలో లిఫ్టులు ఉన్న మాట నిజమే, కానీ స్టేషను దాకా ఎలా వెళ్ళాలి, దిగాక ఆఫీసు దాకా ఎలా వెళ్ళాలి? క్యాబు రద్దయినప్పుడు రోడ్డు పక్కన ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడాలి? ఆడపడుచు ఏమీ వాదించలేదు. రాత్రి నా దగ్గరకొచ్చి, "వదినా, పదిహేనేళ్ళ నుంచి నన్ను ఎవరూ ఎక్కించలేదు, దింపలేదు. ఒక కప్పు పెట్రోలు కోసం అదంతా వదులుకోమంటున్నాడు అన్నయ్య" అంది. నాకు ఆ మాట మనసులో నాటుకుపోయింది.

అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచించాం. అసలు ఫుల్ ట్యాంక్ ఎందుకు? అడిగితే చెప్పింది. పెట్రోలు అయిపోతే అందరిలా బండిని నెట్టుకుంటూ పోలేదు కదా. ఫ్లైఓవరు మీదో, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదో ఆగిపోతే ఎవరైనా దయ తలచేదాకా అక్కడే. ఆ భయంతో ఎప్పుడూ నిండుగా ఉంచుకునేది. ఆ భయమే నింపించింది, నింపడం వల్లే ఒలికింది.

నేను వంటింటి లెక్క వేశాను. ట్యాంకు పట్టేది 5 లీటర్ల పైచిలుకు. సైడ్ వీల్స్ బరువుతో బండి లీటరుకి 35 కిలోమీటర్లు ఇస్తోంది. వారం తిరుగుడు వంద కిలోమీటర్లు. అంటే వారానికి మూడు లీటర్లు చాలు. ముల్లు ఎరుపు గీత దాకా పోకుండా, ఇంకా లీటరున్నర ఉండగానే మూడు లీటర్లు పోయించుకుంటే నాలుగున్నర అవుతుంది. దారిలో ఆగిపోదు, గొంతు దాకా నిండదు. డబ్బుల్లో కాకుండా లీటర్లలో చెప్తే మీటర్లో 3.00 పెడతారు, అక్కడికి దానంతటదే ఆగుతుంది. ఇంకో రెండు నొక్కులు నొక్కే పని ఉండదు.

"గన్ను దానంతటదే ఆగుతుందిగా" అన్నారు మావారు. ఆగుతుంది, కారుకైతే. గన్ను కొసన చిన్న రంధ్రం ఉంటుంది, పెట్రోలు పైకొచ్చి దాన్ని మూస్తే లోపల గాలి ఆగి మీట పడిపోతుంది. స్కూటరు ట్యాంకు చిన్నది, మూతి చిన్నది. గన్ను లోపలికి దించకుండా పైపైన పెట్టి, కంటితో చూస్తూ పోస్తారు. అందుకని ఆ ఏర్పాటు మీద ఆధారపడలేం.

నిండా పోయకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇది మా అత్తగారికి చెప్పగానే అర్థమైంది. ఆవకాయ జాడీ గొంతు దాకా నింపుతామా? మూడో రోజుకి ఊట ఊరి పైకి వస్తుందని నాలుగు వేళ్ళు వెలితి ఉంచుతాం. పెట్రోలూ అంతే. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే లీటరుకి దాదాపు ఒక మిల్లీలీటరు పెరుగుతుంది. భూమిలో ఉన్న ట్యాంకులోంచి చల్లగా వచ్చిన ఐదు లీటర్లు, మే నెల ఎండలో నిలబెట్టిన బండిలో 15 డిగ్రీలు వేడెక్కితే 75 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంటే ఒక చిన్న టీ గ్లాసు. దానికి చోటు లేకపోతే ఎక్కడికి పోతుంది? మూత సందుల్లోంచి బయటికి. ఇప్పటి బీఎస్6 బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. నిండుగా పోస్తే ఆవిరికి బదులు పెట్రోలే అందులోకి దిగి దాన్ని పాడు చేస్తుంది.

తర్వాతి ఆదివారం పొద్దున్న ఏడింటికి ఇద్దరం బయల్దేరాం, ఆవిడ తన బండి మీద, నేను మావారి వెనక. ఆ వేళకి ఆఫీసు రద్దీ ఉండదు, ఎండా ఉండదు. మూడు బంకులు చూశాం. మేము చూసింది ధర కాదు, నేల. బంకుల్లో నీళ్ళు పోవడానికి నేల కాస్త వాలుగా కడతారు. మామూలు బండికి స్టాండు వేసి సర్దుకుంటాం. సైడ్ వీల్స్ బండి నేల ఎలా ఉంటే అలాగే నిలబడుతుంది. ఒక చక్రం జాలీ గుంటలో పడితే బండంతా ఒరుగుతుంది, ట్యాంకులో పెట్రోలు కూడా ఒక పక్కకి చేరుతుంది. సగం నిండకుండానే మూతి దగ్గర కనబడుతుంది, లేదా ఒరిగిన వైపు నుంచి కారుతుంది. అందుకని నాలుగు చక్రాలూ సమంగా ఆనే చోటు, పక్కన దిగి నిలబడడానికి రెండడుగుల జాగా ఉండే చోటు కావాలి. బైకుల వరసలో అది దొరకదు. కార్ల వరసలో దొరుకుతుంది. "మేడమ్, అటు టూవీలర్స్" అని అరుస్తారు. బండి వెడల్పు చూపిస్తే ఊరుకుంటారు.

ఆవిడ పద్ధతి ఇప్పుడు ఇలా ఉంటుంది. ముందు ఇంజను ఆపి, బ్రేకు లాకు వేస్తుంది. గేరు లేని బండి కదా, వాలులో జారిపోతుంది. తర్వాత దిగుతుంది, ఎంతమంది హారన్ కొట్టినా సరే. కర్ర ఆనించి, గన్ను లేని వైపున రెండడుగులు ఎడంగా నిలబడుతుంది. "మూడు లీటర్లు, మెల్లగా" అంటుంది. "జీరో చూసుకోండి మేడమ్" అన్నప్పుడు జీరోతో పాటు గన్ను లోపలికి దిగిందో లేదో కూడా చూస్తుంది. అయ్యాక చుక్కలు రాలేదాకా గన్ను ఒక క్షణం అక్కడే ఉంచమంటుంది. మూత తనే బిగిస్తుంది. ఫోను తీసి స్కాన్ చేసేది బండి ముందుకి జరిపాకే. సీటు కింద ఎప్పుడూ ఒక పాత నూలు గుడ్డ ఉంటుంది.

కిందటేడాది కొత్త బండి కొన్నాం. ఇప్పుడు చాలా స్కూటర్లకి మూత బయటే, వెనక లైటు పైన ఉంటోంది. జూపిటర్‌కి ముందు నుంచీ మూత బయటే ఉంది, యాక్టివాకి 2020 జనవరిలో వచ్చిన 6జీతో వచ్చింది. సీటు ఎత్తక్కర్లేదు. సైడ్ వీల్స్ పెట్టించాక ఆర్టీఏ ఆఫీసులో చూపించి ఆర్‌సీలో ఆ మార్పు రాయించుకున్నాం. ఇది మాత్రం మరచిపోకండి, ఇన్సూరెన్సుకి అదే ఆధారం. "ఇక దిగే పని లేదుగా" అన్నారు మావారు సంతోషంగా. "మూత నా వీపు వెనక ఉంటే ఏం పోస్తున్నారో నాకేం కనబడుతుంది అన్నయ్యా? దిగే నిలబడతా" అంది. అసలు దిగలేని వాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఈ బయటి మూత పెద్ద వరమే. వాళ్ళు అద్దం తిప్పుకుని వెనక్కి చూసుకోవాలి, లీటర్లు తక్కువ చెప్పి రెండుసార్లు వెళ్ళడం మేలు.

ఇంతచేసినా ఒలికితే? బండి స్టార్టు చేయకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. బంకులో ఎర్ర బకెట్లలో ఇసుక ఉంటుంది, పోయమనాలి. బండిని వాళ్ళనే పక్కకి నెట్టమనాలి. తడిసిన బట్టతో ఆఫీసుకి వెళ్ళకూడదు. ఇంటికొచ్చాక ఆ బట్టలు వాషింగ్ మెషీన్లో వేయొద్దు, ముందు బయట గాలికి వాసన పోయేదాకా ఆరేయాలి. పొయ్యి, దీపం, అగరొత్తి దరిదాపుల్లోకి రానీయొద్దు. క్యాలిపర్ లాంటివి ఉంటే వెంటనే విప్పి, ఒంటిని సబ్బుతో కడుక్కోవాలి. ఆవిడ ఆఫీసు డ్రాయరులో ఇప్పుడు ఒక జత బట్టలు ఉంటాయి.

ఇప్పుడు ఆవిడ వెళ్ళే బంకులో పంపు దగ్గర ఒకమ్మాయి ఉంటుంది. మొదట్లో "ఫుల్ చేయనా అక్కా?" అని అడిగేదట. ఇప్పుడు బండి ఆగకముందే మీటర్లో మూడు పెట్టి, వెనక వాళ్ళకి చెయ్యి అడ్డం పెడుతుంది. మొన్న మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది. పెట్రోలు కొట్టించుకోవడం నేర్పడానికి వాళ్ళ నాన్న బయల్దేరబోతే, "నేను అత్తతో వెళ్తా" అంది. మావారు మారు మాట్లాడకుండా తాళాలు ఇచ్చేశారు.