ఇరవైరెండో పన్ను

పన్ను పోయిన తెలుగు లెక్చరరును మీరెప్పుడైనా చూశారా? ముందుగా తిరగబడేవి దంత్యాలు. త, థ, ద, ధ, న - అయిదూ నాలుకను పళ్ళకు తాకించి పలకవలసినవని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి నేనే. మొన్న "దుర్యోధనుడు" అనేసరికి ముందు బెంచీలో ఒక పిల్ల పుస్తకం అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లను తప్పుపట్టను. మొదట నాకూ నవ్వొచ్చింది, ఇంటికొచ్చాక రాలేదు.

మేముండేది శామీర్‌పేటలో, నా కాలేజీ మేడ్చల్‌లో. అక్కడే ఒక పళ్ళ డాక్టరు. పేరెందుకు లెండి. పైవరసలో ఎడమపక్క రెండోపన్ను పుచ్చి వారంరోజులు నిద్రలేదు. డాక్టరుగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఎక్స్‌రే చూసి, "లాభం లేదు సార్, తీసెయ్యాలి" అన్నాడు. తీశాడు. దూది కరుచుకుని బస్సెక్కాను. రాత్రి మత్తు దిగేసరికి పాతనొప్పి పాతచోటే ఉంది. అద్దంలో చూసుకుంటే పుచ్చుపన్ను నిక్షేపంగా ఉంది. దాని పక్కది, చిన్నప్పటినుంచీ చెరుకుగడలు కొరికిన ముందుపన్ను, లేదు!

మర్నాడు అడిగితే, "అదీ కదులుతోంది సార్, అందుకే తీశాను" అన్నాడు. కదిలే పన్నుతో ఆ ముందువారమే నేను చెరుకు తిన్నాను. మా ఆవిడ సాక్షి. ఫీజు వెనక్కి ఇస్తానన్నాడు. "ఫీజు ఉంచుకో బాబూ, పొరపాటున తీశానని ఒక్క ముక్క రాసియ్యి" అన్నాను. ఆ ఒక్క ముక్కా రాయనన్నాడు.

"పోయిన పన్నుకోసం కోర్టు కెక్కుతారా? జనం నవ్వరూ?" అంది మా ఆవిడ.

నా దగ్గర చదువుకున్న ప్లీడరు ఒకడున్నాడు. డబ్బిచ్చి చేయించుకునే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తేల్చిందని వాడే చెప్పాడు. 2019 నాటి కొత్త చట్టం ప్రకారం మనం కాపురమున్న జిల్లాలోనే, రెండేళ్ళలోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ప్లీడరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. మన హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఆపరేషనయ్యాక కాళ్ళు చచ్చుబడిన ఒక ఇంజనీరింగు విద్యార్థి తన కేసు తనే వాదించుకున్నాడు. సుప్రీంకోర్టు కోటిరూపాయలు ఇప్పించింది, 2009లో. పందొమ్మిదేళ్ళు! అతని ముందు నా పన్నెంత?

అయితే వైద్యం వికటించినంత మాత్రాన డాక్టరుది తప్పు కాదట. సాటి డాక్టరు తీసుకునే పాటి జాగ్రత్త ఇతను తీసుకోలేదని చూపాలి. ఆ మాట ఎవరు చెప్పాలి? ఇంకో పళ్ళ డాక్టరు! ముగ్గురి గడప తొక్కాను. ఇద్దరు కాఫీ ఇచ్చి సాగనంపారు. మూడో ఆయన పెద్దవాడు. "ఎవరి తప్పో నేను రాయను, కనబడేది రాస్తాను" అన్నాడు. మన పళ్ళకు అంకెలుంటాయి. పై ఎడమవరస రెండో భాగం. మధ్యనుంచి లెక్కపెడితే 21, 22. నాకిచ్చిన రసీదులో "22 తీయబడినది" అని ఉంది. ఈయన "22 ఉన్నది, పుచ్చినది. 21 లేదు" అని రాశాడు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఇక నేను నోరు తెరవనక్కరలేదు. తెరవకపోతేనే మేలు కూడాను.

ఫిర్యాదులో ఒకచోట కలం ఆగిపోయింది. కట్టుడుపన్నుకు ఇంత అని వెయ్యొచ్చు. మనోవ్యథకు ఎంత వెయ్యాలి? రాత్రి పదకొండయినా అలాగే కూర్చున్నాను. వద్దన్న మా ఆవిడే వచ్చి, "ఆ పిల్ల నవ్విన రోజు మీరు అన్నం ముట్టలేదు. దానికి వెయ్యండి" అంది.

నోటీసు వెళ్ళింది. జవాబుకు ముప్ఫైరోజులు, మహా అయితే ఇంకో పదిహేను. వాయిదా వచ్చేనెల.

ఈలోగా ఆ పుచ్చుపన్నును పెద్ద డాక్టరుగారి చేతనే తీయించుకున్నాను. "ఏది తీస్తారో ముందు చూపించండి" అని అడిగాను. ఆయన నవ్వలేదు. అద్దం నా చేతికిచ్చి, పన్నుమీద వేలుపెట్టి, "ఇదేనా?" అన్నాడు. నేను అవునన్నాకే పట్టకారు అందుకున్నాడు.