ఇంకొక్క ట్రిప్పు

ఇటీవల ఒక సాయంకాలం రేణిగుంట విమానాశ్రయంలో హైదరాబాదు విమానానికై మేము వేచి ఉండగా, బయలుదేరవలసిన సమయానికి కొంచెం ముందు ఒక ప్రకటన వినిపించినది. ఇంజనులో ఒక భాగాన్ని మార్చవలసి ఉన్నదనీ, ఆ భాగం వేరొక ఊరి నుండి రావలసి ఉన్నదనీ, ప్రయాణికులు ఓపిక పట్టవలసినదనీ దాని సారాంశం. శ్రీవారి దర్శనం ముగించుకొని ఇండ్లకు మరలుతున్న యాత్రికులు, గుండు చేయించుకొని నిద్రకు ఏడుస్తున్న పసిబిడ్డలు, మరునాటి ఉదయం కచేరీలో హాజరు కావలసిన ఉద్యోగులు, అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. మా పక్కన పీలేరు ప్రాంతపు యువకుడొకడు కూర్చుని ఉన్నాడు. అతడు ఆ రాత్రి హైదరాబాదులో కువైట్ విమానం అందుకోవాలి. అందకపోతే టిక్కెట్టు డబ్బు పోతుంది. పనిలో చేరవలసిన గడువు దాటిపోతుంది. అతడు ఎవరినీ ఏమీ అనలేదు. ఫోను చేత పట్టుకొని తల వంచుకొని ఉండిపోయాడు.

గంట గడిచినది. అప్పుడు ఒక పెద్దమనిషి లేచి, "ఇంతదూరం బాగానే వచ్చింది గదా! ఇంకొక్క ట్రిప్పు పోలేదా?" అని ఉద్యోగులపై కేకలు వేశాడు. కొందరు ఔనన్నారు. నిజం చెప్పవలసి వస్తే, అంతవరకు మా మనసులోనూ అదే విసుగు ఉన్నది. కాని 'ఇంకొక్క ట్రిప్పు' అన్న ఆ రెండు మాటలు చెవిన పడగానే మా నోరు మూతపడినది. ఆ మాటలను మేము 1986 వేసవిలో, మా తండ్రిగారి షెడ్డులో విని ఉన్నాము.

మా తండ్రిగారు చిత్తూరులో బెంగళూరు రోడ్డు పక్కన లారీలు బాగుచేసే మేస్త్రీ. డ్రైవర్లందరూ ఆయనను ఉస్తాద్ అని పిలిచేవారు. ఆయన బడి చదువు నాలుగవ తరగతితో ఆగినది గాని, ఇనుము భాష ఆయనకు తెలుసు. ఇంజను నుండి దించిన నూనెను వేళ్ళ మధ్య నలిపి, అందులో లోహపు రజను తగిలితే ఏ బేరింగు అరుగుతున్నదో చెప్పేవారు. పగులు ఉన్నదని అనుమానం కలిగిన ముక్కను కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో పొడిగా తుడిచి, దానిపై సుద్దపొడి చల్లేవారు. పగులే ఉంటే అందులో దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లని సుద్దపై సన్నని నల్ల గీత తేలేది.

ఆ వేసవిలో ఒక లారీ ముందు చక్రపు స్టబ్ యాక్సిల్ మీద అటువంటి గీత కనిపించినది. వెంట్రుక మందం కూడా లేదు. కొత్తది వేయవలసినదేనని మా తండ్రిగారు అన్నారు. లారీ యజమాని చేతులు పట్టుకున్నాడు. మామిడి కాపు ముమ్మరంగా ఉన్నది. తోతాపురి కాయ తోటలలో మగ్గిపోతున్నది. లారీ ఒక్క దినం నిలిచినా నష్టమే. "ఇంకొక్క ట్రిప్పు, ఉస్తాద్. బెంగళూరు పోయి వచ్చినాక నువ్వు చెప్పినట్టే కొత్తది వేయిస్తా" అన్నాడు. మా తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదు. మాకు కాలేజీ ఫీజు కట్టవలసిన చివరి తేదీ దగ్గరపడిన సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. మేము అక్కడే నిలబడి, "పోయి రానీ అబ్బా, వచ్చినాక మార్చవచ్చు గదా" అన్నాము. ఆయన ఆ ముక్కకు గ్రీజు పూసి తిరిగి బిగించారు. యజమాని కూలి లెక్కపెట్టి ఇచ్చాడు. మరునాడు మా ఫీజు చెల్లినది.

ఆ లారీ బెంగళూరులో కాయలు దించి తిరిగి వస్తూ, మొగిలి ఘాటు దిగుతుండగా ముందు చక్రం ఊడి లోయ అంచున బోల్తా పడినది. డ్రైవరు గాయాలతో బయటపడ్డాడు. క్లీనరు దక్కలేదు. అతడు మా ఈడువాడే. మా షెడ్డులో మాతోపాటు టీ తాగినవాడు. విరిగిన ముక్కను మా తండ్రిగారు అడిగి తెచ్చుకున్నారు. విరిగిన ముఖంలో ఒక భాగం నల్లగా, ఏటి ఒడ్డున నీరు తగ్గుతూ విడిచిన గీతల వలె వరుస వరుసలుగా ఉన్నది. మిగిలిన భాగం కొత్తగా మెరుస్తున్నది. నల్లనిది ఎన్నో నెలలుగా మెల్లమెల్లగా పాకిన పగులు. మెరిసేది ఆ ఒక్క క్షణంలో తెగినది. అటుపిమ్మట ఆయన మార్చిన ప్రతి ముఖ్యమైన పాత ముక్కనూ రంపంతో రెండుగా కోసిన తరువాతనే పాత ఇనుము కుప్పలో వేసేవారు. ఎందుకని అడిగినవారితో, "ఇది మళ్ళీ ఎవరి బండిలోకీ ఎక్కకూడదు" అని మాత్రం అనేవారు. పట్టుబట్టి కొత్తవి వేయించే మేస్త్రీ అని పేరు పడడంతో కొందరు యజమానులు వేరే షెడ్లకు పోయారు. ఇంట్లో కొన్ని సంవత్సరాలు కష్టంగానే గడిచినది.

మా తండ్రిగారి ఆ రంపానికి విమాన లోకంలో చట్టమంత గౌరవం ఉన్నదని మేము చాలాకాలానికి గాని తెలుసుకోలేదు. జెట్ ఇంజను ముందున్న పెద్ద ఫ్యాను గాలిని లోనికి లాగుతుంది. దాని వెనుక కంప్రెసరు అందులో కొంత గాలిని నొక్కి బిగిస్తుంది. ఆ గాలిలో ఇంధనం మండి, వెలువడిన వేడి వాయువులు టర్బైను చక్రాలను త్రిప్పుతాయి. ఆ చక్రాలే ముందున్న ఫ్యానునూ కంప్రెసరునూ త్రిప్పుతాయి. టర్బైను మొదటి వరుస రెక్కలను తాకే వాయువుల వేడి, ఆ రెక్కల లోహం కరిగిపోయే వేడి కన్న ఎక్కువ. నికెల్ మిశ్రలోహంతో చేసిన రెక్కల లోపల సన్నని దారులు తొలిచి, వాటిలో చల్లని గాలి ప్రవహింపజేయడం వల్లనే అవి నిలుస్తున్నాయి. ఆ వేగంలో ఒక్కొక్క రెక్క తన చక్రాన్ని టన్నుల బరువుతో బయటికి లాగుతుంది. విమానం లేచినప్పుడెల్లా ఈ లాగుడు పెరుగుతుంది. దిగి ఇంజను ఆగినప్పుడెల్లా తగ్గుతుంది. తీగను అటూ ఇటూ వంచితే చివరకు తెగినట్లే, లోహమూ అలసిపోతుంది.

అందువలన లేచి దిగిన ఒక ప్రయాణాన్ని ఒక సైకిల్‌గా లెక్కిస్తారు. రెక్క విరిగితే దానిని ఇంజను తొడుగు ఆపగలగాలని నిబంధన. పరీక్షించి చూపిన తరువాతనే ఇంజనుకు అనుమతి. కాని రెక్కలను మోసే చక్రం పగిలితే, మోయదగిన బరువుగల ఏ తొడుగూ దాని తునకలను ఆపలేదు. కాబట్టి ఆ చక్రాలకు, ఇరుసులకు ఇన్ని వేల సైకిళ్ళని ముందుగానే ఆయుర్దాయం నిర్ణయించి పుస్తకంలో వ్రాస్తారు. ఆ లెక్క నిండిన దినాన, చక్రం కొత్త నాణెం వలె మెరుస్తున్నా తీసివేయవలసినదే. తీసిన భాగం ఏ దొంగదారినా తిరిగి విమానంలోకి చేరకుండా, దానిని పనికిరానట్లు ముక్కలు చేసి పారవేయాలని కూడా అధికారులు చెబుతారు. మా షెడ్డులోని సుద్దపొడి పరీక్షకు అక్కడ అన్నగారు ఉన్నాడు: మెరిసే రంగుద్రవం పూసి, తుడిచి, అతినీల కాంతిలో పగులు వెదకుతారు. నూనెలోని రజను పట్టడానికి అక్కడ అయస్కాంతం ఉంటుంది. సూత్రం ఒక్కటే.

అయితే లెక్క ఒక్కటే చాలదని 1989 జూలై 19 నేర్పినది. డెన్వర్ నుండి చికాగో పోవుచున్న యునైటెడ్ సంస్థ 232వ విమానపు తోక ఇంజనులో ఫ్యాను చక్రం గగనంలో పగిలి, విమానాన్ని నడిపే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ దెబ్బతిన్నవి. సియూ సిటీలో దిగే ప్రయత్నంలో 296 మందిలో 112 మంది మరణించారు. ఆ చక్రం ఆయుర్దాయం 18,000 సైకిళ్ళు. అది నడచినది 15,503 మాత్రమే. టైటానియం లోహాన్ని తయారుచేసినప్పుడే అందులో చిన్న లోపం దాగినది. దాని నుండి పాకిన పగులు అంతకుముందరి పరీక్షలో ఎవరి కంటా పడలేదు. లెక్క నిండినప్పుడు తీయాలి. నిండకముందు వెదకుతూ ఉండాలి.

చట్టం ఆలస్యమైతే ఏమగునో మరొక ఉదంతం చెబుతుంది. 2016 ఆగస్టులో అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ విమానం ఒకదానిలో ఫ్యాను రెక్క అలసి విరిగినది. ఎవరికీ ప్రాణహాని కలుగలేదు. అటువంటి రెక్కలను తప్పనిసరిగా పరీక్షించాలన్న నిబంధన 2017లో ప్రతిపాదనగా వెలువడి, చర్చలలో ఉండిపోయినది. 2018 ఏప్రిల్ 17న అదే సంస్థకు చెందిన మరొక విమానంలో అదేవిధంగా రెక్క విరిగి, కిటికీ పగిలి, ఒక ప్రయాణికురాలు మరణించినది. మూడు దినాలలో, ఏప్రిల్ 20న, అత్యవసర ఆజ్ఞ వచ్చినది. సంవత్సరంలో కుదరనిది మూడు దినాలలో కుదిరినది! పెద్ద దేశాల పెద్ద కార్యాలయాలకు కూడా 'ఇంకొక్క ట్రిప్పు' అనే మాట తెలుసునన్నమాట.

మన దేశంలోనూ ఈ పరీక్ష వచ్చినది. 2019 అక్టోబరు చివరలో ఇండిగో సంస్థ ఏ320నియో విమానాలలో కొన్నిటి ఇంజన్లు గగనంలో ఆగిపోగా, అవి రెండవ ఇంజనుతో క్షేమంగా దిగినవి. టర్బైను మూడవ వరుస రెక్కలలో బలహీనత ఉన్నది. నవంబరు 1న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, 97 విమానాలలో మార్పు చేయని ఇంజన్లన్నిటినీ 2020 జనవరి 31లోగా మార్చవలసినదని ఆజ్ఞాపించినది. తగినన్ని ఇంజన్లు సమకూరక ఆ గడువు తరువాత పొడిగించవలసి వచ్చినది గాని, ఆజ్ఞ మాత్రం నిలిచినది. తిరిగి 2023లో, ఆ ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లలోని చక్రాలను చేసిన లోహపు పొడిలో మలినం ఉన్నదని తయారీదారులే ప్రకటించారు. లోకమంతటా సుమారు 600 నుండి 700 ఇంజన్లను విప్పి పరీక్షించవలసి వచ్చినది. మన దేశంలో డజన్ల కొద్దీ విమానాలు నేలపై నిలిచినవి. ఆ సంవత్సరం మే నెలలో దివాలా అర్జీ పెట్టిన గో ఫస్ట్ సంస్థ, తన పతనానికి ఇంజన్ల కొరతే కారణమన్నది.

కాబట్టి మార్పిడికి మూల్యం లేదని మేము అనజాలము. విమానం నిలిస్తే సంస్థకు నష్టం. టిక్కెట్టు పెరిగితే ప్రయాణికునికి నష్టం. పీలేరు యువకుని వంటి వానికి చేతికి వచ్చిన పనే జారిపోవచ్చు. గడప గడపకూ ఒకరు గల్ఫులో ఉన్న మన చిత్తూరు, కడప పల్లెలలో ఈ బాధ తెలియనివారు లేరు. ఆ మూల్యాన్ని అతని నెత్తిన మాత్రమే వేయకుండా, వేరొక విమానంలో చోటు చూపడం సంస్థ బాధ్యత. అయినా విప్పిన ముక్కను తిరిగి బిగించడం అతనికి చేసే ఉపకారం కాదు.

మా తండ్రిగారు చెడ్డవారు కారు. లారీ యజమాని కూడా దుర్మార్గుడు కాడు, అప్పులలో ఉన్నవాడు. మేము ఫీజు కోసం భయపడిన కుర్రవాళ్ళము. ముగ్గురమూ మంచివాళ్ళమే గనుక, ఆ నిర్ణయం మా చేతిలో ఉండకూడదు. కాపు కోతకు వచ్చి, లారీ వాకిట నిలిచి, డబ్బు ఎదుట కనిపించు వేళ మానవుని తీర్పు వంగుతుంది. ఆ వేళ రాకముందే, ఎవరికీ అవసరం లేని ప్రశాంత సమయంలో వ్రాసి పెట్టిన లెక్క మాత్రం వంగదు. తప్పనిసరి అనే మాటకు అర్థం అదే. అది మంచివానికి చట్టం ఇచ్చే ఊతకర్ర. ఆ దినాన మా తండ్రిగారి చేతిలో అటువంటి కాగితం ఒకటి ఉండి ఉంటే, "నేనేమి చేయగలను సేటూ, రూలు ఒప్పుకోదు" అని ఆయన అనగలిగేవారు.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు ఈ పనులలోనికి పోగలరు. 1973లో హైదరాబాదులో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక లోహాలను తయారుచేస్తున్నది. 2025 నవంబరులో శంషాబాదు విమానాశ్రయం వద్ద సాఫ్రాన్ సంస్థ జెట్ ఇంజన్లను విప్పి బాగుచేయు పెద్ద కర్మాగారం ప్రారంభమైనది. విమాన నిర్వహణ ఇంజనీరుగా లైసెన్సు పొందినవాడు సంతకం చేయనిదే మరమ్మతు జరిగిన విమానం కదలదు. ఒకనాడు మీ కలం ఆ కాగితంపై నిలువవచ్చును. ఇంజను వద్ద కాకపోయినా వంతెన వద్ద, మందుల అంగడి వద్ద, పాఠశాల బస్సు వద్ద మీరు సంతకం చేయవలసిన దినం వస్తుంది. ఎదుట ఒక మంచి మనిషి నిలబడి, కన్నీళ్ళతోనే, 'ఇంకొక్క ట్రిప్పు' అంటాడు. అప్పుడు ఆ క్లీనరు కుర్రవానిని తలచుకోండి.

ఆ రాత్రి పదకొండు దాటిన తరువాత మా విమానం రేణిగుంట నుండి లేచినది. అంతకుముందు కిటికీ అద్దం నుండి చూస్తే, రెక్క క్రింద ఒక యువ ఇంజనీరు చేతి దీపంతో ఇంజను లోనికి వంగి చూస్తూ, నింపాదిగా కాగితంపై ఏదో వ్రాసుకొంటున్నాడు. కువైట్ యువకునికి మరునాటి విమానంలో చోటు దొరికినది. యజమానితో మాట్లాడితే ఒక దినం ఓర్చుకుంటానన్నాడట. విరిగిన ఆ స్టబ్ యాక్సిల్ ముక్క ఈనాటికీ మా బల్లపై ఉన్నది. మా చదువుకు ఎవరు మూల్యం చెల్లించారో అది మాకు ప్రతిదినం చెబుతున్నది.