నందిదుర్గపు దిగువ ద్రాక్షతోట

నా కనిష్ఠకుమారుడు నందిదుర్గము దిగువనున్న యొక ద్రాక్షతోటలో ఉద్యోగమునకు కుదిరినపుడు, నేనా సంగతి బంధువులకు చెప్పుటకు సంకోచించితిని. తోటపని యని మాత్రము చెప్పి, ఆ పండ్లతో వైను చేయుదురను మాట మ్రింగివేసితిని. మా యింట మద్యము ముట్టినవారు లేరు. నేటికిని నేను ముట్టను. మా నాయనమ్మ వైద్యుని మాటపై సేవించిన ద్రాక్షాసవమును మాత్రము ఎవరును మద్యమనలేదు!

ద్రాక్ష ఈ సీమకు క్రొత్తది కాదు. చిక్కబళ్లాపురము, కోలారు ప్రాంతములలో తెలుగు మాటాడు రైతులు 'బెంగళూరు బ్లూ' యను నల్లద్రాక్షను పండించుచున్నారు. పరదేశపు తీగ యిచట వేరూని, 2013లో ఈ యూరి పేరనే భౌగోళిక గుర్తింపు నందినది. మేలిరకపు వైనునకు తగిన ఫ్రెంచి తీగలను కన్వల్ గ్రోవరుగారు 1988లో దొడ్డబళ్లాపురము తాలూకాలో తోటగా వేయనారంభించిరి.

ఆ సంవత్సరముననే ఫ్రాన్సులోని బర్గండీ సీమలో లాలూ బీజ్ లెరువాగారు ఒక పాత ద్రాక్షక్షేత్రమును కొని, రసాయనములను విడిచి, 'బయోడైనమిక్' సేద్యమునకు పూనుకొనిరి. అది రుడాల్ఫ్ స్టైనరు 1924లో ఉపన్యాసములలో బోధించిన పద్ధతి. ఆవుకొమ్ములో పేడ నింపి శీతకాలమంతయు భూమిలో పాతిపెట్టుదురు; వసంతమున త్రవ్వితీసి, నీట కలిపి నేలపై చల్లుదురు; చంద్రగతి ననుసరించి పనులు సాగింతురు. ఆ క్షేత్రపు ఎఱ్ఱవైనులు నేడు లోకమున మిక్కిలి వెలగలవానిలో చేరినవి.

కుమారుడీ సంగతి చెప్పగా, పంచాంగము చూడక విత్తు చల్లని మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. అది మౌఢ్యమని చిన్ననాడు నవ్వినవాడను నేనే.

గత ఫాల్గుణమున కోతల వేళ ఆ తోటకు పోతిని. వైనునకు వాడు నల్లద్రాక్షలోని రసము ఇంచుమించు రంగులేనిదేనట. తొక్కలతో కలసి పులియుటవలననే ఎరుపును వగరును వచ్చునట. ఆ తొక్కల రంగంటి నా కుమారుని చేతులు నల్లబడియుండెను. మట్టి యంటిన మా తండ్రిగారి చేతులును అట్లే యుండెడివి. నేను ముప్పది యేండ్లు కలము పట్టితిని. ఒక్క ఆకునైనను చిగురింపజేయలేదు.

ఇపుడెవరడిగినను, మావాడు వైను చేయు తోటలో నున్నాడనియే చెప్పుచున్నాను. కొందరు మౌనము వహింతురు. నేను మాత్రము తలవంచుట మానితిని.