అన్నీ అంటే ఏటి?

"డిస్కు మార్చాడు, అన్నీ వేసీసానన్నాడు, డబ్బులట్టుకుని వెళిపోయాడు. అన్నీ అంటే ఏటో ఒక్క కాయితం ముక్క మీదైనా రాసిచ్చాడేటి?"

బరంపురం బడా బజారు వెనక సందులో ఆ ప్రెస్సు గడప దాటుతుంటే వినబడిన మాట ఇది. నాతో అన్నది కాదు. ఆఫ్‌సెట్ మిషను దగ్గర ప్లేటు తుడుస్తున్న కుర్రాడితో మాస్టారు అంటున్నారు. గంజాం జిల్లాలో తెలుగు అచ్చు ఇవాళ ఎలా ఉందో చూసి రాయమని మా సంపాదకులు పంపితే వెళ్లాను. పట్టునేత వీధులు, తెలుగు బడులు, గ్రంథాలయాలు అన్నీ చూసి చివర్న ఏదైనా ఒక ప్రెస్సులోకి తొంగి చూద్దామనుకున్నాను. ఆ మాట చెవిన పడ్డాక మిగతావాటి మీదికి మనసు పోలేదు. ప్రెస్సులోనే ఉండిపోయాను.

మాస్టారిది అక్షరాలు కూర్చే పని. కుర్రతనంలో సీసం అక్షరాలతో కూర్చారు, తరవాత కంప్యూటరుతో. ఎడమచేతి బొటనవేలి చివర చర్మం ఇప్పటికీ కాయకట్టి ఉంది. కంపోజింగ్ స్టిక్కులో వరస జారిపోకుండా ఏళ్ల తరబడి నొక్కి పట్టిన వేలు అది. ఇప్పుడు ఆ వేలు స్పేస్ బారు మీద ఆనుకుని ఉంటుంది. కీబోర్డు మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. ఆయనకి వాటితో పని లేదు. డీటీపీ వాళ్లు 'యాపిల్ కీబోర్డు' అని పిలుచుకునే అమరికలో చెయ్యి చూసుకోకుండా కొడతారు. వొత్తు ఉన్న అక్షరం వచ్చినచోట వేళ్లు క్షణం సేపు ఆగి, రెండు మీటలూ దాదాపు ఒకేసారి పడతాయి. ఆ చప్పుడు బట్టే సంయుక్తాక్షరం పడిందని తెలిసిపోతుంది.

ఇంతకీ ఆయన బాధ ఏమిటంటే, బుడీ ఠాకురాణీ యాత్ర కరపత్రం. రెండేళ్లకోసారి ఊరంతా కదిలే యాత్ర అది. అమ్మవారిని ఆడపడుచుగా ఇంటికి పిలుచుకొచ్చే దేశీ బెహెరాది తెలుగు మూలాలున్న నేతకారుల కుటుంబం. అందుకే కరపత్రంలో పైన తెలుగు, కింద ఒడియా ఉంటాయి. ఆ ఫైలు పాత డిస్కులో భద్రంగానే ఉంది. కొత్త డిస్కులోకి ఎక్కించి తెరిస్తే తెలుగు సరిగ్గా వచ్చింది. ఒడియా ఉన్నచోట మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, డాలరు గుర్తులు, నోరు తిరగని గందరగోళం. కంప్యూటరు డిస్కు మార్చిన కుర్రాడు తెలుగు ఫాంట్లు 'అను' వేశాడు, ఒడియా ఫాంట్లు 'ఆకృతి' వేయలేదు. వేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎక్కడా రాసీ లేదు.

ఈ పాత ఫాంట్లతో పనిచేసినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. మిగతావాళ్ల కోసం చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగు 'క' అంటే ప్రపంచంలో ఏ కంప్యూటరుకైనా అది 'క'యే. యూనికోడ్ మొదటి వెర్షను 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. కాని మన ప్రెస్సుల్లోకి యూనికోడ్ రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఈలోగా అను, శ్రీలిపి, ఆకృతి, సీడాక్ వాళ్ల ఐఎస్ఎమ్ లాంటివి ఎవరి దారిన వాళ్లు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కల్ని కూర్చారు. ఫైల్లో నిజంగా ఉన్నది ఆ ఇంగ్లీషు గుర్తులే. దాని మీద సరైన ఫాంటు పరిస్తేనే తెలుగు కనబడుతుంది. ఫాంటు పేరు తెలియకపోతే, ఏ వెర్షనో తెలియకపోతే, పుస్తకం చేతిలో ఉండీ లేనట్టే.

మాస్టారి మేనల్లుడు ఐటీఐ చదివాడు, కంప్యూటర్ల పని వచ్చు. ఆ మధ్యాహ్నం అతను వచ్చాడు. డిస్కు మార్చిన సిస్టమ్ పక్కనే ఇంకో పాత సిస్టమ్ ఉంది. విండోస్ 7, ముప్పై రెండు బిట్లది. దాన్ని కూడా మార్చెయ్యాలని ప్రెస్సు యజమాని అనుకుంటున్నారట. "దాన్ని తీసేముందు అందులో ఉన్నవన్నీ కాయితం మీదికి ఎక్కించు నాయనా. ఈసారి ఎవడొచ్చినా ఆ కాయితం చేతిలో పెడతాను" అన్నారు మాస్టారు.

మేనల్లుడు కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రాముల పట్టిక తెరిచాడు. పేర్లు, కంపెనీలు, వెర్షన్లు, వేసిన తేదీలు బారుగా ఉన్నాయి. "మావయ్యా, చూడ్డానికే గాని ప్రింటు కొట్టడానికి ఇందులో దారే లేదు" అన్నాడు. నిజమే. 1995 నాటి విండోస్ నుంచీ ఈ పట్టిక ఉంది. దాన్ని అచ్చు తీసుకునే మీట ఒక్కటి పెట్టాలని తయారుచేసినవాళ్లకి తోచలేదు. చాలామంది తెరని ఫోనుతో ఫోటో తీసుకుంటారు. పట్టిక పొడుగ్గా ఉంటే కిందికి జరుపుతూ జరుపుతూ తీస్తారు. ఆ ఫోటోలు ఏ ఫోన్లో ఉన్నాయో ఆర్నెల్లకి వాళ్లకే గుర్తుండదు.

అతను నల్ల తెర తెరిచి డబ్ల్యూఎంఐసీ అనే ఆదేశం కొట్టాడు. పేరూ వెర్షనూ వేసిన తేదీ ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లోకి దింపమని దాని సారాంశం. చాలాసేపు కదలలేదు. ఆ ఆదేశం ఊరికే పేర్లు చదవదు, ఒక్కో ప్రోగ్రామునూ సరిగా ఉందో లేదో తడిమి చూస్తూ పోతుంది. చివరికి వచ్చిన జాబితా చదివి మాస్టారు తల అడ్డంగా ఊపారు. రోజూ వాడేవే కొన్ని అందులో లేవు. విండోస్ వాళ్ల సొంత ఇన్‌స్టాలర్ ద్వారా ఎక్కినవే ఆ ఆదేశానికి కనబడతాయి. తమ సొంత పద్ధతిలో ఎక్కినవి కనబడవు. పైగా కొత్త విండోస్‌లలో ఈ ఆదేశాన్నే మైక్రోసాఫ్ట్ తీసేస్తూ వస్తోంది.

రెండోసారి పవర్‌షెల్‌తో విండోస్ తన వివరాలు రాసుకునే రిజిస్ట్రీలో 'అన్‌ఇన్‌స్టాల్' కొమ్మ కింద ఉన్న పేర్లన్నీ లాగాడు. కంట్రోల్ ప్యానెల్ పట్టిక తయారయ్యేది అక్కణ్నుంచే. అరవై నాలుగు బిట్ల సిస్టమ్ అయితే ఆ కొమ్మ రెండు చోట్ల ఉంటుంది, పాత ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాముల పేర్లు వేరేగా దాక్కుంటాయి, ఒక్కచోటే చూసి లేచిపోతే సగం పోతాయి. ఒక్కో వాడకందారు ఖాతా కింద ఇంకో కొమ్మ కూడా ఉంటుంది. వచ్చినదంతా పేర్ల వరసలో పేర్చి, నోట్‌ప్యాడ్‌లోంచి ప్రింటు కొట్టాడు. ట్రేసింగ్ పేపరు తీసే లేజర్ ప్రింటరులోంచి మామూలు తెల్లకాయితాలు వెచ్చగా బయటికొచ్చాయి.

మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని, ఎర్ర రీఫిల్ పెన్ను తీసి, ప్రూఫు దిద్దినట్టే దిద్దడం మొదలుపెట్టారు. పేజ్‌మేకర్ 7.0 పక్కన టిక్కు. కోరల్‌డ్రా పక్కన టిక్కు, 'పెళ్లి కార్డులు' అని చిన్నగా. ప్రింటరు డ్రైవరు పక్కన చుక్క. తేదీల వరస దగ్గర వేలు ఆగింది. సగానికి పైగా పేర్లకి ఒకే వారం తేదీలు, అన్నీ 2013 నవంబరువి.

"ఫైలిన్ తరవాత" అన్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను అది. ప్రెస్సులో నీళ్లు, ఊళ్లో చాలా రోజులు కరెంటు లేదు. కరెంటొచ్చాక సీడీలు వెతికి, ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని, మళ్లీ ఎక్కించుకున్న వారం అది. "అప్పుడు నాకు అన్నీ గుర్తున్నాయండి. ఇప్పుడు లేవు. నాక్కూడా వయసైపోయింది కదా."

జాబితాలో రానివి పెన్నుతో కింద రాశారు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఫోల్డరు మాత్రం కాపీ చేసి పెట్టిన ఒక చిన్న మార్పిడి ప్రోగ్రాము, అది ఏ రిజిస్ట్రీకీ తెలియదు. ఫాంట్లు కూడా ప్రోగ్రాముల జాబితాలోకి రావు. వాటి ఫోల్డరులో ఉన్న పేర్లన్నీ విడిగా ఇంకో ఫైల్లోకి దింపి విడిగా ప్రింటు తీయాల్సొచ్చింది. కీబోర్డు అమరిక ఏదో ఆయనే రాశారు. సీరియల్ నంబర్లు, ప్రోగ్రాముకి తాళంలాంటి డాంగిల్ ఎక్కడ ఉందో వేరే కాయితం మీద రాసి బీరువాలో పెట్టారు. జాబితా నలుగురికీ కనబడేదే గాని తాళం అందరి కంటా పడకూడదని ఆ జాగ్రత్త.

ఆయన దిద్దిన ఆ కాయితాలంత విలువైన తెలుగు పత్రాన్ని ఆ పర్యటనలో నేను మరొకటి చూడలేదు. ఎందుకంటానో చెప్తాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సయ్యేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోది. వి.వి. గిరి పుట్టిన ఊరు. అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు బతుకులో ఎక్కువ భాగం గడిపి, ఆ ఊరు ఒడిశాలో కలిసిన ఏడు విడిచిపెట్టి రాజమండ్రి వచ్చేశారు. ఉండిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల తెలుగు బడులు తగ్గుతూ వచ్చాయి. తెలుగు పుస్తకం అచ్చు వేసుకోవాలంటే సొంత డబ్బుతో, వందల కాపీల లెక్కన, ఇలాంటి సందుల్లోని ప్రెస్సుల్లోనే వేసుకున్నారు. ఆ పుస్తకాలు విశాఖలోనో హైదరాబాదులోనో ఏ గ్రంథాలయానికీ చేరనివే ఎక్కువ. కాపీలు చెదలు తినేశాక మిగిలేది మాస్టారి డిస్కులో ఉన్న పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే. ఆ పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 తరవాత ఇంకో పెద్ద వెర్షను లేదు. ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు ఆ ఫైళ్లను తెరవవు.

పీడీఎఫ్ ఉంది కదా అంటారు. ఉన్నచోట సంతోషమే. పీడీఎఫ్ పేజీని చూపిస్తుంది. రెండో ముద్రణకి తప్పులు దిద్దాలన్నా, అందులో ఒక పేరు వెతకాలన్నా, యూనికోడ్‌లోకి మార్చి పదిమందికీ అందుబాటులో పెట్టాలన్నా, లోపల వాడింది ఏ ఫాంటో, ఏ వెర్షనో తెలియాలి. మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి. వాటికి మొట్టమొదట చెప్పాల్సిందే అది.

పెద్ద కంపెనీల్లో ఈ పనిని ఎంత ముఖ్యంగా చూస్తారో గమనించండి. కంప్యూటర్ల భద్రతకి ప్రపంచంలో చాలామంది అనుసరించే సీఐఎస్ నియమావళిలో మొదటి నియమం మీ దగ్గరున్న యంత్రాల జాబితా, రెండోది వాటిలో ఉన్న సాఫ్ట్‌వేర్ జాబితా. మిగతా నియమాలన్నీ ఆ తరవాతే. మన ప్రెస్సుల్లో కాయితం రీముల లెక్క ఉంటుంది, ఇంకు డబ్బాల లెక్క ఉంటుంది, చివరికి మిషను తుడిచే గుడ్డల లెక్క కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ల తెలుగు దేనిలో కూర్చి ఉందో ఆ లెక్క మాత్రం ఉండదు. నాకు కోపం వచ్చింది మాస్టారి మీద కాదు, డిస్కు మార్చిన కుర్రాడి మీద కూడా కాదు. పుస్తకావిష్కరణ సభలకి దండలు, శాలువాలు పట్టుకెళ్లే మనం ఎవ్వరమూ ఏనాడూ ఈ సందులోకొచ్చి, "మా పుస్తకం దేనిలో కూర్చారండీ?" అని అడగలేదు.

తొందరపడాల్సిన సమయం కూడా ఇదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత సిస్టమ్‌లలో ఎక్కదు కాబట్టి ఊరూరా పాతవి తీసేస్తున్నారు. కొత్తది అరవై నాలుగు బిట్లదే. పదహారు బిట్ల నాటి ఇన్‌స్టాలర్లు ఉన్న పాత ప్రోగ్రాములు అందులో మామూలుగా ఎక్కవు. పాత సిస్టమ్ తుక్కు కొట్టుకి వెళ్లేలోపే జాబితా కాయితం మీదికి రావాలి. ఆ తరవాత ఏ ఆదేశం కొట్టినా ఏమీ రాదు.

కాయితమే ఎందుకని ఆ మేనల్లుడు కూడా అడిగాడు. "క్లౌడ్‌లో పెడతాను మావయ్యా" అన్నాడు. "పెట్టు, వద్దన్నానేటి? ఇదీ ఉండనీ. మొన్న డిస్కు మార్చినరోజు కరెంటుంది, నెట్టుంది, ఏటి లాభం?" అన్నారు మాస్టారు. జాబితా పైన తేదీ వేసి, సంతకం పెట్టి, ప్లాస్టిక్ కవర్లో దోపి సిస్టమ్ వెనక గోడకి మేకుకి తగిలించారు. రెండో కాపీ యజమాని ఇంటికి.

బరంపురంలో ఆంధ్ర భాషాభివర్ధని సమాజం ఉంది, వికాసం అనే సంస్థ ఉంది. ఎన్నో ఏళ్లుగా తెలుగుని నిలబెడుతున్నవాళ్లకి నా విన్నపం ఒక్కటే. తెలుగు పని చేసే ప్రతి ప్రెస్సులోనూ ఈ రెండు జాబితాలు, ప్రోగ్రాములవీ ఫాంట్లవీ, ప్రింటు తీయించి ఒక కాపీ మీ బీరువాలో పెట్టండి. కంప్యూటరు తెలిసిన కుర్రాడు ఒకడు ఒక పూట కూర్చుంటే ఒక ప్రెస్సు పని అయిపోతుంది. ఇక పాఠకులకి: మీరో మీ నాన్నగారో ఎప్పుడైనా పుస్తకం వేయించి ఉంటే, వేసిన ప్రెస్సు ఇంకా ఉంటే, ఈ వారంలోనే వెళ్లి ఫైలుతో పాటు ఆ జాబితా కూడా అడిగి తీసుకోండి.