నలభై అయిదు డిగ్రీల్లో గుర్రపుసాల

మే నెలలో జోధ్‌పూర్ దాటి ఫలోదీ వైపు వెళ్తే దారికి రెండు పక్కలా ఇసుక, ముళ్లపొదలు, అక్కడక్కడా జమ్మిచెట్లు. దసరాకి మనం పూజించే జమ్మే! తెలంగాణకి రాష్ట్రవృక్షమైన ఈ చెట్టే రాజస్థాన్‌కీ రాష్ట్రవృక్షం. అక్కడ ‘ఖేజ్డీ’ అంటారు. మండువేసవిలోనూ పచ్చగా ఉండే ఆ చెట్టు నీడే, ఎనిమిదో పదో గుర్రాలున్న చిన్న చిన్న ఫారాలకు పెద్ద దిక్కు.

ఎండలంటే మామూలు ఎండలు కావు. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. 2024 మేలోనూ అక్కడ 50 డిగ్రీలు తాకింది. అలాంటిచోట పుట్టి పెరిగినవి మార్వాడీ గుర్రాలు. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి ముద్దాడుతున్నట్టు ఉంటాయి. వాటిని చూసే జాతిని గుర్తుపట్టేస్తారు. 1576లో హల్దీఘాటీ యుద్ధంలో రాణా ప్రతాప్‌ను మోసిన చేతక్ ఈ జాతిదేనని అక్కడివాళ్ల నమ్మకం.

ఎంత ఎడారి గుర్రమైనా వడగాలికి జంకాల్సిందే. అందుకే వేసవిలో ఫారం గడియారం మారిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికే సాయిసులు లేస్తారు. పేడ ఎత్తి, గుర్రాలను నడిపించి, మాలీషు చేసి, ఎనిమిదయ్యేసరికి అన్నిటినీ సాలలోకి చేరుస్తారు. ఆ తర్వాత జీను వేసే మాటే లేదు. పడమటి వైపు గోనెపట్టాలు కట్టి గంటగంటకీ నీళ్లు చల్లుతుంటారు. ‘లూ’ అని పిలిచే వడగాలి ఆ తడి గుండా వస్తే కాస్త చల్లబడుతుంది. ఒంటిని వేడిచేస్తాయని శనగలూ గింజల దాణా తగ్గించి, పచ్చిగడ్డి పెంచుతారు.

అసలు చింతంతా నీళ్లదే. మామూలు రోజుల్లో ఒక్కో గుర్రం పాతిక, ముప్ఫై లీటర్లు తాగుతుంది. ఎండల్లో అది యాభై దాటుతుంది. ఎనిమిది గుర్రాలకు తాగడానికే రోజుకు నాలుగొందల లీటర్లు! వాననీళ్లు పట్టే ‘టాంకా’ అనే నేలతొట్టి అప్పటికి అడుగంటుతుంది. ఇక ట్యాంకరే గతి. తొట్టి ఎండలో ఉంటే నీళ్లు కాగిపోతాయి. గుర్రం వాసన చూసి మొహం తిప్పేస్తుంది. అలా నీళ్లు తగ్గితే ఎండుగడ్డి పేగుల్లో గట్టిపడి శూల మొదలవుతుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. కాబట్టి శూల ప్రాణాలమీదకి తెస్తుంది. అందుకే ఖాళీ అయిన బకెట్టును చూస్తే సాయిసు మొహం వెలిగిపోతుంది.

చెమటతోపాటు ఉప్పూ పోతుంది. గుర్రం చెమటలో ఉప్పు మనిషి చెమటలో కన్నా ఎక్కువ. అందుకని ప్రతి గదిలోనూ నాకడానికి ఉప్పుగడ్డ ఉంచుతారు. మెడమీద చర్మాన్ని వేళ్లతో పట్టి లాగి వదులుతారు. వెంటనే సర్దుకుంటే సరే, మడత అలాగే నిలిస్తే ఒంట్లో నీరు తగ్గినట్టు. అంత ఎండలోనూ చెమట పట్టడం మానేసి, ఒగరుస్తోందంటే మరీ ప్రమాదం. నీడకు తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూనే పశువైద్యుడికి ఫోన్ చేస్తారు.

ఇంత పాట్లు ఎందుకంటే, చిన్న ఫారానికి గుర్రప్పిల్లలే పంట. కార్తీకంలో పుష్కర్ మేళాలోనూ, చైత్రంలో లూనీ నది ఇసుకలో జరిగే తిల్వాడా సంతలోనూ వాటిని అమ్మితేనే దాణా అప్పు తీరేది. పెళ్లి ఊరేగింపులకు పంపితే వచ్చేది పైఖర్చులకు సరి. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. చూడిగుర్రానికి వడదెబ్బ తగిలితే రెండు ప్రాణాలతోపాటు ఏడాది ఆదాయమూ పోయినట్టే! కాబట్టి ఇంట్లో ఫ్యాను ఒక్కటే ఉంటే అది సాలలోనే తిరుగుతుంది.

గుర్రాలు ఎక్కువగా రాత్రిళ్లే ఈనుతాయి. నెలలు నిండిన గుర్రముంటే ఇంటిల్లిపాదీ మంచాలు సాల ముందుకు చేరతాయి. పిల్ల నేలమీద పడ్డాక గంటా రెండు గంటల్లో తూలుకుంటూ లేచి నిలబడుతుంది. అది నిలబడి పాలు తాగేదాకా ఎవరూ మాట్లాడరు. తర్వాత బెల్లం పంచుకుంటారు. వెలుతురు రాకముందే ఎవరో ఒకరు లేచి, తల్లికి మరో బకెట్టు నీళ్లు పెడతారు.