జీతం సమానమే, ఖర్చు కాదు

ఉద్యోగం దొరికితే వికలాంగుల పేదరికం తీరిపోతుందని చాలామంది నమ్మకం. ఆ ఉద్యోగానికి వెళ్లిరావడానికే వాళ్లకయ్యే ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. సిటీబస్సు మెట్లెక్కలేని మనిషికి రానూపోనూ ఆటోయే దిక్కు. చక్రాల కుర్చీ టైరు అరిగినా, క్యాలిపర్ బెల్టు తెగినా ఆ చిన్న జీతంలోంచే బాగుచేయించుకోవాలి. ఈ అదనపు భారం ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. ఆదాయపు పన్ను చట్టం 75,000, తీవ్ర వైకల్యానికైతే 1,25,000 రూపాయల మినహాయింపు పెట్టింది. కానీ పన్ను కట్టేంత జీతమే లేనివాళ్లకు దానివల్ల ఒక్క రూపాయీ మిగలదు. కేంద్ర ఉద్యోగులైన వికలాంగులకు రవాణా భత్యం రెట్టింపు ఇస్తారు, న్యాయమే. అదే దారిలో వెళ్లే ప్రైవేటు చిరుద్యోగికి ఎందుకుండకూడదు?

ఆ భారం యజమాని మీద వేస్తే అసలు పనిలోకే తీసుకోరంటారు. ఆ భయం నిజమే. అందుకే ఆ భత్యాన్ని ప్రభుత్వమే నేరుగా ఉద్యోగి ఖాతాలో వేయాలి.